అంచు కొయ్యని ఫొటో

నాన్న సంవత్సరీకం అయిన మర్నాడు, చుట్టాలంతా వెళ్ళిపోయాక, అటక మీది రేకుపెట్టె దింపించాను. మూత తియ్యగానే పుల్లటి వాసన గుప్పున కొట్టింది. పాత నెగెటివులు పాడయ్యేటప్పుడు అలాగే వాసనొస్తాయి. ఫిల్ములో ఉండే అసిటేటు చెమ్మకీ ఉక్కకీ విరిగిపోయి, వెనిగర్‌లో ఉండే ఆమ్లమే బయటికొస్తుంది. కోనసీమ గాలిలో అన్నేళ్ళు అటక మీద పడున్న ఫిల్ము ఈ మాత్రం మిగలడమే గొప్ప. ఆ పులుపు కింద నా ముక్కుకి ఇంకో వాసన తగిలింది. ఫొటోలు కడిగే మందు, హైపో వాసన. అంటే నాన్న చొక్కాల వాసన. అక్కడే పీట వేసుకుని కూర్చుండిపోయాను.

అమలాపురంలో మాకు ఫొటో స్టూడియో ఉండేది. ముందు గదిలో రంగుల తెర, చేతుల కుర్చీ, గోడకి అద్దం, దాని కింద దువ్వెన, పౌడరు డబ్బా. వెనక చీకటిగది. బడి నుంచి రాగానే నా పని ట్రే ఊపడం. ఎర్రబల్బు వెలుగులో తెల్ల కాగితం మందులో మునిగి ఉంటుంది. ట్రే అంచు పట్టుకుని మెల్లగా ఊపుతుంటే బొమ్మ తేలుతుంది. నల్లనివి ముందు, తెల్లనివి ఆఖర్న. అంచేత పెళ్ళి ఫొటో కడుగుతుంటే పెళ్ళికూతురి మొహం కంటే ముందు, పెళ్ళికొడుకు పట్టుపంచె కంటే ముందు, కారు టైర్లు కనబడేవి. ఉత్త కాగితం మీద రెండు నల్ల సున్నాలు. తర్వాత వాటి పైన మడ్‌గార్డు నీడ. ఆ తర్వాత గ్రిల్లు సందుల్లో చీకటి.

“ఏం కార్రా?” అనేవారు నాన్న. మొహాలు తేలేలోపు చెప్పాలి. సరిగ్గా చెబితే ఐదు పైసలు. పాత ఫొటోలో కారు కనబడితే ఇప్పటికీ నా కళ్ళు మనుషుల్ని దాటి ముందు చక్రాల మీదికే పోతాయి. ఆ అలవాటు ఆ ట్రేలోంచి వచ్చిందే.

అప్పట్లో ఊరికి ఉన్నవే గుప్పెడు కార్లు. రైసుమిల్లు షావుకార్లవి కొన్ని, డాక్టర్లవి రెండు మూడు, టాక్సీలు. పెళ్ళంటే ఎవరో ఒకరి కారు అడిగి తెచ్చుకునేవారు. సొంతం కాని కారు పక్కన సొంత మనుషులంతా నిలబడి తీయించుకున్న ఫొటోలే మా స్టూడియోలో ఎక్కువ. అందులో ఎవరికీ నామోషీ ఉండేది కాదు. కారొచ్చింది కాబట్టి ఫొటో, అంతే.

*

ఆ కార్లలో చాలా మటుకు మా డ్రైవరు బాబాయి తోలినవే. ఆయన మాకు చుట్టమేమీ కాదు. నాన్నకి చిన్ననాటి నేస్తం. ఒక షావుకారు దగ్గర పాత కారు కొనుక్కుని టాక్సీగా తిప్పేవాడు. పొద్దున్నే స్టూడియో ముందు ఆపి, “ఆయ్, వచ్చేశానండీ” అనేవాడు నాన్నతో. ఒకే పలకతో చదువుకున్నా ఒకరినొకరు “అండీ” అనే పిలుచుకునేవారు. మా ఊరి మర్యాద అది.

ఆయన కారుని “మేష్టారు” అనేవాడు. చలికాలం పొద్దుటి పూట కారు మొరాయించేది. డిక్కీలోంచి ఇనప హ్యాండిలు తీసి, బంపరు సందులోంచి దూర్చి, తిప్పే ముందు బానెట్ మీద చెయ్యేసి “కానివ్వండి మేష్టారూ, పాపం పెళ్ళివారు ఎదురుచూస్తన్నారు” అనేవాడు. నాలుగో తిప్పుకో ఐదో తిప్పుకో ఇంజను దగ్గి, ఒళ్ళంతా దులుపుకుని లేచేది. ఒక్కోరోజు అసలు లేచేది కాదు. “మేష్టారికి ఒంట్లో బాగాలేదండి” అని నాన్నతో చెప్పి టీ తాగేవాడు. ముసలి కారు, దగ్గు, విసుగు, అందుకే ఆ పేరు పెట్టి ఉంటాడనుకున్నాను. మా లెక్కల మేష్టారు కూడా అచ్చం అలాగే దగ్గేవారు.

కార్ల గురించి నాకు మొదట చెప్పినవాడు బాబాయే. “కారు మొహం చూసి చెప్పకు. పెళ్ళి కారుకి బంతిపూల దండలేస్తారు, అరటి పిలకలు కడతారు, మొహం కప్పడిపోద్ది. తలుపు చూడు. చక్రం చూడు. ఎనక చూడు.” మూడూ వేళ్ళ మీద లెక్కపెట్టేవాడు.

తలుపంటే ఫియట్. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు 1954 నుంచి చేసిన ఫియట్ 1100లకి ముందు తలుపులు ముందు వైపుకి కాక వెనక వైపుకి తెరుచుకునేవి. పిడి ఇంజను వైపు, బందు నడుమ. పక్కనే ఉన్న వెనక తలుపు బందు కూడా ఆ నడుమే కాబట్టి, రెండూ ఒకేసారి తీస్తే వీపులు ఆనించుకుని నిలబడ్డట్టు ఉండేవి. పట్టుచీర కట్టుకున్న పెళ్ళికూతురు ఆ ముందు తలుపులోంచి దిగితే చాలా వీలుగా దిగేదని బాబాయి మెచ్చుకునేవాడు. అరవైల నడిమికి డిలైట్ మోడల్‌తో ముందు తలుపు మామూలుగా అయిపోయింది. ఫొటోలో తలుపు తెరిచి ఉంటే చాలు, ఆ కారు డిలైట్‌కి ముందుదో తర్వాతదో చెప్పేయొచ్చు.

డాక్టరుగారిది స్టాండర్డ్ హెరాల్డ్, మద్రాసులో తయారైంది. మొదట వచ్చిన వాటికి రెండే తలుపులు. బానెట్ ఎత్తితే మడ్‌గార్డులూ లైట్లూ అన్నీ కలిసి ముందుకి లేచేవి. మొసలి నోరు తెరిచినట్టుందని మా వీధి పిల్లలం చుట్టూ మూగేవాళ్ళం. టైర్లు కూడా బయటికి కనబడుతుంటే ఆ కారు బట్టల్లేకుండా నిలబడ్డట్టు ఉండేది. డాక్టరుగారు పొరపాటున కూడా మమ్మల్ని కసరలేదు.

*

బాబాయితో చేసిన ప్రయాణాల్లో నాకు బాగా గుర్తున్నది రేవు దాటడం. కాకినాడ వైపు పెళ్ళయితే ఎదుర్లంక దగ్గర గోదావరి దాటి యానాం చేరాలి. ఇప్పుడైతే 2002లో కట్టిన బాలయోగి వారధి మీద మాట్లాడుకుంటూ ఉండగానే దాటేస్తున్నాం. అప్పుడు పంటే దిక్కు. రెండు పెద్ద నావలు జోడించి పైన బల్లలు పరిస్తే పంటు. దాని మీదకి కారెక్కించాలి.

ఒడ్డు నుంచి పంటు మీదకి రెండు బల్లచెక్కలు వాలుగా వేసేవారు. వెడల్పు టైరు కంటే రవ్వంత ఎక్కువ, అంతే. బాబాయి అందర్నీ దింపేసేవాడు. పెళ్ళికూతురు, ముత్తైదువలు, సన్నాయి వాళ్ళు, అందరూ బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని పక్కన నిలబడేవారు. బాబాయి తన పక్క తలుపు తీసే ఉంచేవాడు, చెక్క జారితే దూకెయ్యడానికి. పంటు మనిషి ఎదురుగా వెనక్కి నడుస్తూ రెండు అరచేతులూ ఆడిస్తూ “రానీ రానీ రానీ” అనేవాడు. ఆ మూడు మాటలు తప్ప రేవంతా నిశ్శబ్దం. చెక్కలు కిర్రుమనేవి. ముందు చక్రాలు పంటు మీద పడగానే పంటు ఓసారి కిందికి దిగి లేచేది. అక్కడ బ్రేకు ఒక్క క్షణం ఆలస్యమైతే అవతలి పక్కనుంచి నీళ్ళలోకే.

చక్రాల కింద ఇటుకలు పెట్టాక బాబాయి ఇంజను ఆపేసేవాడు. పంటు కదిలేది. నావల పక్కల నీళ్ళు తపతపా కొట్టుకుంటూ ఉండేవి. బానెట్ కింద వేడి ఇనుము చల్లారుతూ టిక్కు, టిక్కు అనేది. బాబాయి తువ్వాలుతో మెడ తుడుచుకుని, బానెట్ మీద చెయ్యేసి, ఏటి మధ్యలో గాని మాట్లాడేవాడు కాదు.

*

అంతర్వేది తీర్థానికి నాన్న డేరా వేసేవారు. భీష్మ ఏకాదశికి నరసింహస్వామి రథోత్సవం, ఇసకేస్తే రాలని జనం. వాళ్ళ కోసం నాన్న చెక్క కారు చేయించారు. ప్లైవుడ్డు పలక మీద సైన్‌బోర్డులు రాసే ఆర్టిస్టు ఒకాయన క్యాలెండరు చూసి కారు బొమ్మ వేశాడు. వెనక బల్ల ఉంటుంది. మొగుడూ పెళ్ళాం పిల్లలూ బల్ల మీద కూర్చుంటే కిటికీలోంచి తలకాయలు కనబడతాయి. ఇంటాయన చేతికి నిజం స్టీరింగు చక్రం ఇచ్చేవాళ్ళం, ఏ లారీదో.

ఆ బొమ్మకి ముందు మడ్‌గార్డు పక్కన మూడు గుండ్రటి చిల్లులు ఉండేవి. ఆర్టిస్టు ఊరికే అందానికి వేశాడనుకున్నాను. ఏళ్ళ తర్వాత తెలిసింది, అవి బ్యూక్ కారు గుర్తులు. 1949 మోడళ్ళ నుంచి బ్యూక్ వాళ్ళు అలా చిల్లులు పెట్టారు. మామూలు రకాలకి మూడు, పెద్దదైన రోడ్‌మాస్టర్‌కి నాలుగు. క్యాలెండర్లో ఎక్కడో అమెరికా బండిని చూసి, మా ఆర్టిస్టు చిల్లుల లెక్క కూడా తప్పకుండా దింపాడు. ఏ ఫొటోలోనైనా ఆ కారు కనబడితే నేను వెంటనే పట్టేస్తాను. కారు కిందినుంచి పిల్లల పాదాలు వేలాడుతుంటాయి.

*

మా కార్ల పిచ్చి నాలాంటి ఇంకొందరికి ఉందని ఉద్యోగం మానేశాకే తెలిసింది. నెలకో ఆదివారం రాజమండ్రిలో ఒకరింట్లో కలుస్తాం. ఆర్టీసీ గ్యారేజీలో జీవితమంతా చేసి రిటైరైన పెద్దాయన, చరిత్ర చెప్పే లెక్చరరు, వాళ్ళ నాన్నగారి ప్రీమియర్ పద్మినిని ఇంకా నడుపుతున్న కుర్రాడు, నేను. ఎవరికి దొరికిన ఫొటో వాళ్ళు తెస్తారు. భూతద్దం మధ్యలో ఉంటుంది. టిఫిను చల్లారిపోతుంది.

హైదరాబాదు చౌమహల్లాలో నిజాంగారి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ముందు నిలబడి ఫొటో దిగిన వాళ్ళు వేలమంది. మేం దాని జోలికి పోం. దానికి బోర్డుంది, చరిత్రుంది. మాకు కావలసినవి పేరు రాయని ఫొటోలు. ఏ ఊరో తెలీదు, ఎవరి పెళ్ళో తెలీదు, వెనక పెన్సిలు గీత కూడా ఉండదు. కారొక్కటే సాక్ష్యం.

కొన్ని తేలిగ్గా తేలిపోతాయి. నంబరు పలక మీద మొదటి అక్షరం ‘ఎమ్’ అయితే మద్రాసు నంబరు. మన జిల్లాల బండే అయితే 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోక ముందు రిజిస్టరైందన్నమాట. ‘ఎ’తో మొదలయ్యే మూడక్షరాలైతే ఆ తర్వాతది. ఏపీ పక్కన జిల్లా అంకె ఉంటే 1989 తర్వాతది. అమెరికా బళ్ళు ఉన్నట్టుండి ఫొటోల్లోంచి ఎందుకు మాయమవుతాయో పెద్దాయన చెప్పారు. జనరల్ మోటార్స్ వాళ్ళు 1928 నుంచి బొంబాయిలో షెవర్లేలు బిగించి అమ్మేవారట. ఇక్కడే తయారుచెయ్యాలి, ఊరికే బిగించి అమ్మితే కుదరదు అని ప్రభుత్వం పట్టుబట్టాక 1954లో మూసేసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత మన పెళ్ళి ఫొటోలన్నీ అంబాసిడర్‌, ఫియట్, స్టాండర్డ్, ఈ మూడింటి మధ్యే.

కొన్ని మాత్రం రోజంతా తింటాయి. లెక్చరరుగారు కాకినాడ ఫొటో ఒకటి తెచ్చారు. కారు లైట్ల పైసగం నల్లరంగు. “యుద్ధకాలం!” అన్నారాయన. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులేశాయి, రాత్రుళ్ళు వెలుతురు పైకి పోకూడదని లైట్లు మూసేవారు. పెద్దాయన తల అడ్డంగా ఊపారు. ఎదుటి వాడి కళ్ళలో కొట్టకుండా పైసగం నలుపు వెయ్యడం ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు ఉంది, ఆర్టీసీ బస్సులకి తానే స్వయంగా వేశారట. మరెలా తేల్చడం? కుర్రాడు భూతద్దం పెట్టి మడ్‌గార్డు అంచు చూపించాడు. అంచు పొడుగునా తెల్లటి పట్టీ. ఫుట్‌బోర్డుకీ అంతే. చీకట్లో కారుందని తెలియడానికి వేసిన సున్నం లాంటి తెలుపు. ఆ రోజు లెక్చరరుగారి మొహం చూడాలి.

ఇంకోసారి కుర్రాడే ఒకటి తెచ్చాడు. స్టీరింగు ఎడమ పక్కనుంది. విదేశాల నుంచి తెచ్చుకున్న కారని గంటసేపు పుస్తకాలు తిరగేశాం. నేను పక్కనున్న ఆడవాళ్ళని చూశాను. పైట కుడి భుజం మీద ఉంది. కుడిపైట వేసుకునే ఇళ్ళూ ఉన్నాయి కదా అనుకున్నాను. అప్పుడు మగాయన చేతి గడియారం చూశాను, కుడి మణికట్టుకి. నెగెటివు తిరగేసి ప్రింటు వేశారు! నెగెటివుకి మసకగా ఉండే వైపు ఒకటి, నిగనిగలాడే వైపు ఒకటి ఉంటాయి. ఎర్రబల్బు కింద అది చూసుకోకపోతే లోకమంతా కుడి ఎడమైపోతుంది. చిన్నప్పుడు ఇలాగే నేనూ ఒకసారి వేసి నాన్న చేత చివాట్లు తిన్నాను. ఫొటో తిప్పి చూస్తే అది మామూలు మోరిస్ మైనర్. మన దగ్గర బేబీ హిందుస్థాన్ పేరుతో అమ్మిందే.

*

రేకుపెట్టెలో ఒక కవరు మీద నాన్న రాత. “షోకేసు”. లోపల ఒక ప్రింటూ, నెగెటివూ. ప్రింటులో కొత్త దంపతులు బాసికాలతో, నుదుటి మీద కల్యాణ తిలకంతో, కారు పక్కన. వెనక ఏటిగట్టు. కారు ముందు భాగమంతా బంతిపూల దండలే. అది బాబాయి కారని నాకు చూడగానే తెలిసింది, ముందు అద్దం మూలన పగులు గుర్తుంది. ప్రింటు పట్టుకుని రాజమండ్రి వెళ్ళాను. అంబాసిడరు, మొదటి రకం, అన్నాను. నాకు గుర్తున్నంతలో అదే. కుర్రాడూ సరేనన్నాడు.

పెద్దాయన చాలాసేపు చూశారు. “వెనక భాగం లేదు కదండీ. ఎవరో కోసేశారు.”

అప్పుడు ప్రింటు కుడి అంచు చూశాను. మిగతా మూడు అంచులూ తిన్నగా ఉన్నాయి. కుడి అంచు పైనుంచి కిందికి సన్నగా పక్కకి పోయింది. బ్లేడు పట్టిన చెయ్యి చిన్నది. అది నా కోతే.

పెళ్ళివారు ఫొటోలు చూసుకుని కొన్ని వెనక్కి తెచ్చేవారు. “డ్రైవరు పడ్డాడండి, తీసెయ్యండి.” నాన్న మాట్లాడకుండా పెన్సిలుతో గీత పెట్టి నాకిచ్చేవారు. స్కేలు ఆనించి బ్లేడుతో ఆ గీత మీద కోసేవాణ్ణి. ముక్కలు నేల మీద పడేవి, సాయంత్రం ఊడ్చేసేవాళ్ళం. ఆ ముక్కల్లో ఎవరున్నారో తెలుసు. రేపు పొద్దున్నే వచ్చి టీ తాగే మనిషే కదా అనుకున్నానో, అసలేమీ అనుకోలేదో. కొలత తప్పకుండా కొయ్యడం మీదే ఉండేది నా ధ్యాసంతా. చాలా కోశాను.

ఆ రాత్రే ఇంటికొచ్చి నెగెటివు తీశాను. రెండుంపావు అంగుళాల చతురస్రం. అంచులు వంకరపోయాయి గానీ బొమ్మ చెడలేదు. ట్యూబులైటుకి ఎదురుగా పట్టాను. నెగెటివులో అన్నీ తారుమారు. పెళ్ళికూతురి జుట్టు తెల్లగా, పెళ్ళికొడుకు పంచె నల్లగా. కుడి పక్క చివర, కారు వెనక భాగం దగ్గర, నల్ల చొక్కా వేసుకుని వెన్నెల లాంటి మొహంతో మనిషి. భుజాన తువ్వాలు. నిటారుగా, ఫొటో కోసమే నిలబడ్డాడు. కుడి చెయ్యి వెనక మడ్‌గార్డు మీద ఉంది. పొరపాటున పడలేదాయన. నాన్నే నిలబెట్టి ఉంటారు. ఫ్రేములో ఆ చివర ఇంకా చోటుంది.

నెగెటివుని స్కాను చేయించి పెద్దాయనకి చూపించాను. ఆయన మనిషిని చూడలేదు, చేతి కింద చూశారు. అంబాసిడరుకి వెనక మడ్‌గార్డులు చివర్న లైట్ల పైన చిన్న రెక్కల్లా నిక్కి ఉంటాయి. దీనికి లేవు. వీపు గుమ్మడికాయలా గుండ్రంగా కిందికి జారిపోయింది.

“ఇది అంబాసిడరు కాదండి. దానికి ముందుది. ల్యాండ్‌మాస్టరు.”

అంబాసిడరు 1957లో వచ్చింది. 2014 దాకా చేశారు, అందరికీ తెలుసు. దానికి ముందు 1954 నుంచి అదే కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్ నమూనాతో ల్యాండ్‌మాస్టర్ చేశారు. నాలుగైదేళ్ళే. తర్వాత వచ్చిన తమ్ముడి పేరు కింద కలిసిపోయింది. నా జ్ఞాపకంలో కూడా కలిసిపోయింది.

పెద్దాయన ఇంకా ఏదో చెబుతున్నారు, గేర్ల గురించి. నాకు వినబడలేదు. ల్యాండ్‌మాస్టరు. మాస్టరు. మేష్టారు. ఇన్నేళ్ళూ అది ముద్దుపేరనుకున్నాను. బాబాయి రోజూ పొద్దున్నే మా గుమ్మంలో నిలబడి కారు అసలు పేరే చెప్పాడు నాకు.

*

బాబాయి పోయి చాలా ఏళ్ళయింది. కూతురు రావులపాలెంలో ఉంటుంది. పూర్తి ఫొటో పెద్దది వేయించి పట్టుకెళ్ళాను. చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. పెళ్ళివాళ్ళెవరని అడగలేదు. వాళ్ళ నాన్న ఫొటో ఇంట్లో లైసెన్సు మీద ఉన్నదొక్కటే, గోరంత, మీద సీలు పడి సగం మొహం మాసిపోయింది. చాలాసేపు చూసి, “మేష్టారు అద్దం పగులు కూడా పడింది అన్నయ్యా” అంది.

ప్రింటు నేనే కోసేశానని చెప్పాను. తలెత్తి నా వైపు చూసి, మళ్ళీ ఫొటో చూసుకుంది.

సాయంత్రం ఇద్దరం ఫ్రేములు కట్టే షాపుకి వెళ్ళాం. ఆయన ఫొటో బల్ల మీద పరిచి, చెక్క పట్టీ తెచ్చి అంచు మీద ఆనించాడు. పట్టీ కింద బాబాయి భుజం, తువ్వాలు మూసుకుపోయాయి.

“అక్కడ కాదండీ, కాస్త జరపండి” అన్నాను.

“అంచు లోపలికి పోవాలి కదండీ, లేకపోతే నిలబడదు. ఆ చివర ఏముందని?”

ఆ అమ్మాయి పట్టీ మీద వేలు పెట్టి తనే పక్కకి జరిపింది. భుజం బయటికొచ్చింది. తువ్వాలు బయటికొచ్చింది. ఆయన వెనకాల ఏటిగట్టు కొంచెం, అంగుళం మేర ఖాళీ.

“ఇక్కడికి కట్టండి” అంది.